అమ్మకుంటే బిడ్డకొస్తదా సార్?

కరెంటు గది

నాచారంలో మా గదిని ఫిజియోథెరపీ విభాగం అని పిలిచింది తనిఖీకి వచ్చే అధికారులు మాత్రమే. కార్మికులకు అది కరెంటు గది. "డాక్టర్ సాబ్ కరెంటు పెట్టించుకొమ్మన్నడు" అంటూ చీటీ పట్టుకుని వచ్చేవారు. ఫ్యాక్టరీల మధ్య ఉన్న చిన్న దవాఖానా అది. పేరు రాయను. నాలుగు మంచాలు, నొప్పి ఉన్నచోట సన్నగా కరెంటు పెట్టే రెండు యంత్రాలు, వేడి కాపడం సంచులు ఉడికే ఒక డబ్బా, ఒక బల్ల, నేను. ముప్పై రెండేళ్ళు అక్కడ పనిచేశాను. ఉప్పల్ నుంచి మొదట్లో సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి.

రోజూ ఇంటికి వచ్చాక డైరీలో ఒక పేజీ రాసేవాణ్ణి. ఒక్క రోజూ తప్పలేదు. రిటైరయ్యాక అవన్నీ వరసగా చదివాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు పనికొచ్చేవి ఏవైనా ఉంటే ఏరి రాద్దామనుకున్నాను. తెగిన నరాలు, విరిగిన మణికట్లు, మళ్ళీ నడిచిన కాళ్ళు చాలానే ఉన్నాయి. వాటి గురించి పుస్తకాల్లో నాకంటే బాగా రాశారు. నేను రాయాల్సింది వేరే ఉంది. నేను అన్న ఒక మాట వల్ల ఒక ఆడపిల్ల నర్సు కాకుండా పోయింది. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి నాకు సమయం ఉండింది, తీసుకోలేదు.

నాలుగు పెట్టెలు

నాకు క్రమపద్ధతి అంటే ఇష్టం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే మా రోగుల కార్డులకు నాలుగు చెక్కపెట్టెలు చేయించాను. మెడకు ఒకటి, భుజాలకూ చేతులకూ ఒకటి, నడుముకు ఒకటి, మోకాళ్ళకూ పాదాలకూ ఒకటి. రోగి రాగానే "ఎక్కడ నొప్పి?" అని అడిగి, ఆ పెట్టెలో కార్డు తీసేవాణ్ణి. అర నిమిషం పట్టేది కాదు. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు. వేరే దవాఖానాల వాళ్ళు చూసి వెళ్ళి అలాంటివే చేయించుకున్నారు.

ఎస్తేరమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళకు రావడం మొదలుపెట్టింది. జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయ్యాక ఇటు వచ్చింది. లాలాపేటలో కాపురం. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర నిలబడి చేసే పని. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేది.

"ఇయ్యాల మెడ సార్."

"పోయినసారి నడుమన్నవు గదమ్మా?"

"నడుము ఏడికి పోతది సార్, అది గూడ ఉన్నది. మీరు ఒక్కటే జెప్పుమంటరని ఒక్కటే జెప్తున్న."

నేను నవ్వి మెడ పెట్టె తెరిచాను. ఆ రోజు డైరీలో ఈ మాట హాస్యంగా రాసుకున్నాను. ఇప్పుడు చదివితే నవ్వు రావడం లేదు. ఒళ్ళంతా నొప్పి ఉన్న మనిషి, నా పెట్టెల కోసం రోజుకొక నొప్పిని ఎంచుకుని వచ్చేది.

చుక్క

ఎముకల విభాగంలో అప్పుడు ఒక పెద్ద డాక్టరు గారుండేవారు. గొప్ప సర్జను. ప్రెస్సు కింద నలిగిన వేళ్ళను కోసిపారేయకుండా నిలబెట్టినవారు. ఆయన చేతిపని చూసి నేను చాలా నేర్చుకున్నాను. ఆయన నోటి నుంచి నేర్చుకున్నది మాత్రం తర్వాత వదిలించుకోవాల్సి వచ్చింది. ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటుకు పట్టి చూసి, "ఎముక బాగుంది, మనిషి బాగుంది, పనంటేనే బాలేదు" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం.

అలాంటి మనుషుల చీటీల మూలన ఆయన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి పంపేవారు. సెలవు కోసం వచ్చిన మనిషి అని అర్థం. చుక్క ఉంటే పది నిమిషాల వేడి కాపడం, అంతే. రోగికి ఆ సంగతి తెలియదు. నేను ఇంకో అడుగు ముందుకేసి, చీటీ మీది చుక్కను నా కార్డు మీదికి కూడా ఎక్కించేవాణ్ణి. ఎస్తేరమ్మ కార్డులన్నిటి మీదా ఆ చుక్క ఉంది. కొన్ని నేను సొంతంగా పెట్టినవి.

ఒకరోజు కాపడం సంచి మెడకింద పెడుతుంటే ఆమె అంది. "మా అమ్మ గూడ గిట్లనే ఉండె సార్. కలుపు తీసొచ్చి గోడకు ఒరిగి కూసునేది. అన్నం దినే శాతగాకపోయేది. నాయిన యాక్టింగని తిట్టేటోడు. అమ్మకుంటే బిడ్డకొస్తదా సార్?"

ఆమె ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదటిసారి.

"నొప్పులు అట్ల రావమ్మా. చిన్నప్పటి నుంచి అమ్మను చూసినవు, అదే అలవాటైంది" అన్నాను.

ఆమె పది నిమిషాలు కాగానే లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఒకటే నంబరు

కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఆదేశం వచ్చినప్పుడు సుల్తానా బేగం అనే ఆపరేటరును మాకిచ్చారు. నాతోటి వయసే. పని చేస్తున్నంతసేపూ గొణుక్కునేది. కంప్యూటర్‌కు పెట్టెలతో పని లేదు, దానికి కావలసింది కార్మికుల నంబరు. మూడో రోజు ఆమె నా బల్ల మీద ఒక కట్ట పడేసింది.

"సార్, ఈమె ఒక్కతేనా, నలుగురా? ఒకటే నంబరు, నాలుగు డబ్బాలల్ల దొరుకుతుంది. నాకు పరేషాన్ అయితుంది."

నాలుగు పెట్టెల కార్డులు తేదీల వారీగా పక్కపక్కన పేర్చాను. తొమ్మిదేళ్ళలో ఎస్తేరమ్మకు నొప్పి లేని కాలం లేదు. మెడ తగ్గిందని నేను రాసిన వారంలోనే భుజం కార్డు మొదలైంది. భుజం మూసేసిన నెలలోనే నడుము. ఏ కార్డుకు ఆ కార్డు చూస్తే చిన్న నొప్పి, కాపడంతో తగ్గిన నొప్పి. నాలుగూ కలిపితే ఒక జబ్బు. ఇంటికి వెళ్ళి పాత డైరీలు తిరగేశాను. "నిద్ర పట్టినా అలసట పోదంటోంది", "చెయ్యి ఆనిస్తే చాలు ఉలిక్కిపడుతోంది", "మాట మర్చిపోతోంది". అన్నీ నా చేత్తోనే రాసినవి, అన్నీ వేర్వేరు రోజుల్లో.

పెద్దాసుపత్రిలో కీళ్ళవాతం నిపుణురాలికి ఉత్తరం రాసి, ఎస్తేరమ్మను పంపాను. ఆ డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చేయించి, వేరే జబ్బులు లేవని తేల్చుకుని, ఫైబ్రోమయాల్జియా అని రాసింది. శరీరంలో దెబ్బ లేకపోయినా మెదడు, నరాలు నొప్పిని పెద్దది చేసి వినిపించే జబ్బు. నొప్పి నిజమైనదే, ఎక్స్‌రేకు మాత్రం అందదు. ఎస్తేరమ్మ ఆ కాయితం తెచ్చి నాకు చూపించి ఏడ్చింది.

"దీనికి పేరున్నదా సార్? నేను ఉత్తగనే జేస్తలేనా?"

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. రోగి ఎక్కడ నొప్పి అన్నదో అక్కడితో ఆగకండి. "ఇంకెక్కడ?" అని అడగండి. లేదనే దాకా అడగండి. నిద్ర గురించి అడగండి. తల్లిదండ్రుల గురించి అడిగేటప్పుడు షుగరు, బీపీలతో సరిపెట్టకండి. ఇదంతా నేను తొమ్మిదేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను. నేర్చుకున్న ఆనందంలోనే అంతకంటే పెద్ద తప్పు చేశాను.

నేను గీసిన బొమ్మ

ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. పది మందిలో మాట్లాడాను. పెన్సిల్ చుక్కలు రబ్బరుతో తుడిచేశాను. ఇన్నాళ్ళూ నమ్మని మనిషిని ఇప్పుడు అందరికంటే ఎక్కువగా నమ్మాలని నాకు తొందర. మీకూ ఈ దశ వస్తుంది. అప్పుడు జాగ్రత్తగా ఉండండి. తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో మనిషి తనకు తెలిసినదానికంటే ఎక్కువ చెప్తాడు.

ఎండాకాలం సెలవుల్లో ఎస్తేరమ్మ వచ్చింది. వెంట కూతురు కరుణ, ఇంటర్ పాసై నర్సింగులో సీటు వచ్చిన పిల్ల. బండి మీద ఇద్దర్నీ దింపిన కొడుకు డేవిడ్ గుమ్మం దగ్గర తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. కరుణ మొహం వెలిగిపోతోంది. "ఘట్‌కేసర్ అవతల కాలేజ్ సార్. హాస్టల్ గూడ ఉన్నది" అంది. అన్న వెనక నుంచి, "సూదులేసుడు మా మీదనే నేర్సుకుంటది సార్, ఇప్పటికెల్లే భయమైతుంది" అన్నాడు. అందరం నవ్వాం.

ఎస్తేరమ్మ నవ్వు తొందరగా ఆగిపోయింది. "సార్, అప్పుడొకసారి అడిగిన మిమ్మల్ని. మా అమ్మకుండె, నాకున్నది. బిడ్డకొస్తదా?"

మొదటిసారి ఈ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు గుర్తుకొచ్చింది. దాన్ని తుడిచెయ్యాలనిపించింది.

"నువ్వు అప్పుడన్నదే నిజమమ్మా. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మీ ఇంట్లో తల్లి నుంచి కూతురికి దిగుతోంది" అన్నాను. అంతటితో ఆగలేదు. తెల్లకాయితం తీసుకుని మూడు సున్నాలు గీశాను. పైది వాళ్ళమ్మ, మధ్యది ఎస్తేరమ్మ, కిందిది కరుణ. పై రెండూ పెన్సిల్‌తో నింపాను. మూడోదాన్ని సగం నింపాను. "ఈ పిల్లను ఇప్పటి నుంచే జాగ్రత్తగా చూసుకోవాలె. రోజంతా నిలబడే పనులు, రాత్రి డ్యూటీలు ఈ జబ్బుకు మంచివి కావు."

కాయితం మడిచి ఎస్తేరమ్మ చేతికిచ్చాను. డేవిడ్‌కు అందులో సున్నా గీయలేదు. గీయాలన్న ఆలోచనే రాలేదు. మా గదికి ఇలాంటి నొప్పులతో వచ్చేవాళ్ళు దాదాపు ఆడవాళ్ళే. నా లెక్కలో అది ఆడవాళ్ళ జబ్బు.

నిజానికి అప్పటికి నేను చదివినదాంట్లో ఉన్నది ఇంత మాత్రమే. ఇలాంటి జబ్బున్నవాళ్ళ పిల్లలకూ, తోబుట్టువులకూ అది వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఎక్కువ అంటే తప్పకుండా అని కాదు. ఒక్క జన్యువు చేసే పని కాదు. కొంత పుట్టుకతో వచ్చే తత్వం, కొంత నిద్ర, దెబ్బలు, మనసు మీది బరువు, ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియనివి కొన్ని. చాలామంది పిల్లలకు రాదు. ముందే తేల్చి చెప్పే పరీక్ష లేదు. వస్తుందేమోనని పనులు మాన్పించి ఆపగలిగేదీ కాదు, పైగా ఒళ్ళు వంచి పనిచెయ్యడం మంచిదే. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఒక్క వాక్యంలో కుదించాను. కుదించినప్పుడు "కావచ్చు" అన్నది జారిపోయింది.

కరుణ ఒక్కతే వచ్చిన రోజు

పన్నెండు రోజుల తర్వాత కరుణ ఒక్కతే వచ్చింది. మంచాలన్నీ నిండి ఉన్నాయి. నా బల్ల పక్కన నిలబడింది. కూర్చోవడానికి కుర్చీ లేదు, నేను తెప్పించలేదు.

"సార్, అమ్మ కాలేజ్ ఒద్దంటుంది. మీరిచ్చిన కాయితం పాస్టరయ్యకు గూడ సూపిచ్చింది. నర్సంటే నిలవడే పని, నైట్ డ్యూటీ, సార్ గట్ల జెప్పిండు, నా లెక్క నా బిడ్డ గావద్దని ఒకటే ఏడుపు. సోమారం లోపట ఫీజు గట్టాలె సార్. మీరొచ్చి ఒక్కమాట జెప్పుండ్రి. నాకేం నొప్పి లేదు. లాలాపేట నుంచి నడ్సుకుంటనే వొచ్చిన, సూడుండ్రి."

నేను ఒక రోగి భుజానికి యంత్రం పెడుతూ విన్నాను. చెప్పాల్సిన మాట నాకు తెలుసు. 'అమ్మా, నేను ఎక్కువ చెప్పాను, పిల్లను పంపించు.' అంతే. అయితే ఆ మాట చెప్పాలంటే, అదే ఇంట్లో, అదే మనిషి ముందు, అదే ప్రశ్నకు రెండోసారి కూడా తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ళు అబద్ధమాడుతున్నావన్నట్టు చూసి, జబ్బు పేరు చెప్పి గౌరవం తెచ్చుకుని, మళ్ళీ ఆ గౌరవం పోగొట్టుకోవాలి. నాకు మనసొప్పలేదు.

"అమ్మను వచ్చే వారం తీసుకురా, మాట్లాడదాం" అన్నాను.

"వచ్చే వారమంటే సోమారం అయిపోతది సార్."

"ఇప్పుడు పేషెంట్లున్నారు గదమ్మా."

ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం. "కరుణ వచ్చింది, తల్లిని తీసుకురమ్మన్నాను." అంత చిన్న పేజీ ముప్పై రెండేళ్ళలో ఇంకోటి లేదు. ఎస్తేరమ్మ తర్వాత వచ్చినప్పుడు కాలేజీ ఊసు ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆమెకు నెమ్మదినెమ్మదిగా పెంచే వ్యాయామాలు నేర్పాను. నిద్రకు మందు పడింది. చాలావరకు కుదుటపడింది. దాన్ని నా విజయాల్లో వేసుకున్నాను.

మరో తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. షుగరున్న ఒక ముసలాయనకు కాలి మీద స్పర్శ ఉందో లేదో చూడకుండా వేడి సంచి పెట్టాను. కాలింది. పెద్ద డాక్టరు గారు అందరి ముందూ తిట్టారు, రిపోర్టు రాయించారు. మూడు వారాల్లో మానింది. ఆ తర్వాత ఆ తప్పు ఎప్పుడూ చెయ్యలేదు. మాటతో కాల్చినదానికి రిపోర్టు ఉండదు, తిట్టేవాళ్ళు ఉండరు. అందుకే ఎన్నేళ్ళయినా అది మనకు తెలియదు.

సున్నా లేని వాడు

ఇప్పుడు ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్‌కు నీళ్ళ క్యాన్లు వేసే మనిషి పోయిన వేసవిలో మారాడు. కొత్తతను రెండు క్యాన్లు మోసుకొచ్చి మెట్ల మీద కూలబడి, రెండు అరచేతులూ నేలకు ఆనించి లేవబోయి లేవలేకపోయాడు. నేను చెయ్యి అందించాను. భుజం పట్టుకోగానే ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటు నాకు తెలుసు.

అతను నా మొహం చూసి, "కరెంట్ సార్ గదా మీరు? నేను డేవిడ్‌ను సార్. ఎస్తేరమ్మ కొడుకును" అన్నాడు.

ఏడేళ్ళుగా ఒళ్ళు నొప్పులట. ఒక డాక్టరు తాగుడు మానమన్నాడు. "నేను మందు ముట్టనే ముట్ట సార్" అన్నాడు. ఇంకొకాయన బి విటమిన్ సూదులిచ్చాడు. లారీ లోడింగు మానేసి, తేలిక పని అని క్యాన్లకు వచ్చాడు. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో కొట్టినట్టుంటుందట. ఇంట్లో చెప్పలేదు.

"అమ్మకున్నదే నీకూ కావచ్చని అనిపించలేదా?"

"అది ఆడోళ్ళది గద సార్" అన్నాడు తేలిగ్గా. "మీరు రాసిచ్చిన కాయితంల నేను లేను."

అతన్ని నిపుణుడి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. తల్లికి రాసిందే కొడుక్కీ రాశారు.

ఆదివారం

డేవిడ్ పిలిస్తే, చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు నాచారంలోనే ఉంటున్నారు, పారిశ్రామికవాడ వెనక గల్లీలో. ఎస్తేరమ్మ నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. "సార్, సన్నవడ్డరు" అంది. కరుణ టీ తెచ్చింది. ఆమె ఉప్పల్‌లో పెద్ద బట్టల దుకాణంలో చీరల సెక్షన్‌లో సేల్స్ పని చేస్తోంది. పొద్దంతా నిలబడే పని. పదిహేనేళ్ళుగా నిలబడుతోంది. ఏ నొప్పీ రాలేదు.

నేను చెప్పాల్సింది వరసగా చెప్పాను. ఎస్తేరమ్మకు మొదట చెప్పింది తప్పు. రెండోసారి చెప్పింది కూడా తప్పు. కరుణను ఆపమని చెప్పే హక్కు నాకు లేదు, ఆధారమూ లేదు. ఆమె వచ్చి అడిగిన రోజు నేను వచ్చి ఉండాల్సింది. ఎస్తేరమ్మ తల వంచుకుని కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. "నేను గూడ ఇనలే సార్. బిడ్డ ఏడ్చినా ఇనలే" అంది.

డేవిడ్ కూతురు స్నేహకు ఆరేళ్ళు. తండ్రి ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటోంది. డేవిడ్ దాని జుట్టు సర్దుతూ అడిగాడు.

"మరి దీనికొస్తదా సార్?"

తొందరపడలేదు. "తెలియదు డేవిడ్" అన్నాను. "మిగతా పిల్లలకంటే కొంచెం ఎక్కువ అవకాశం ఉంది. రాకపోయే అవకాశం ఇంకా ఎక్కువుంది. ముందే తెలుసుకునే పరీక్ష లేదు. దాన్ని ఉరకనియ్యి, ఆడనియ్యి, ఏం చదువుతానంటే అది చదవనియ్యి. ఎప్పుడన్నా నొప్పి అంటే నమ్ము. ఆడపిల్లయినా మగపిల్లవాడయినా అంతే."

"గంతేనా సార్?"

"అంతే. ఇంతకంటే ఎక్కువ తెలుసని ఎవరన్నా అంటే నమ్మకు."

డేవిడ్ తేలికపడ్డట్టు నవ్వాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ కరుణ నవ్వలేదు. గోడ మీది గడియారం వైపు చూసింది.

"ఐదు నిమిషాలు గూడ పట్టలే సార్ మీకు గీ మాట జెప్పనీకి" అంది. "ఆనాడు నేను మీ బల్ల కాడ అరగంట నిలవడ్డ."

"ఏం మాటలే అవి, ఇంటికొచ్చిన పెద్దమనిషితోని?" ఎస్తేరమ్మ కసిరింది.

"తిడ్తలేనమ్మా. అయినదే జెప్తున్న."

"అవును, కరుణా" అన్నాను. "ఐదు నిమిషాలు సరిపోయేవి."

ఆమె నా చేతిలోంచి ఖాళీ కప్పు తీసుకుంది. రెండింటికి డ్యూటీ ఎక్కాలని చెప్పి, దుకాణం వాళ్ళిచ్చిన యూనిఫాం చీర ఇస్త్రీ చేసుకోవడానికి లోపలికి వెళ్ళింది.